నున్నటి నీళ్ళు

రంగు నీళ్ళలో పడ్డాక కాసేపు ఎటూ పోలేదు. అలల కింద నలిగి, తనలో తనే తిరిగి, ఆకుపచ్చ మరకగా అక్కడే నిలబడింది. మైకు గది కిటికీలోంచి అక్క దాన్నే చూస్తోంది. బల్ల అంచున పెచ్చులూడిన చోట గోటితో గీకుతోంది.

"ఏం చెల్లెమ్మా, ఎటు?" అని కింద మోకాలి లోతు నీళ్ళలోంచి పీత అరిచాడు.

పీత అసలు పేరు రక్షణ దళంలో ఎవరికీ గుర్తులేదు. కొత్తగా చేరిన ప్రతివాడికీ "నీళ్ళు లాగుతుంటే ఎదురెళ్ళకురా, పీతలా పక్కకి పో" అని చెప్పి, రెండు చేతులూ డెక్కల్లా ఆడిస్తూ ఇసకలో అడ్డంగా నడిచి చూపిస్తాడు. చూసినవాళ్ళు నవ్వుతారు. నవ్వినవాడు మర్చిపోడని అతని లెక్క.

"ఉండన్నా, ఇంకా కదల్లేదు," అంది అక్క మైకులో.

రోజూ పొద్దున్నే ఉండే పని ఇది. రాత్రంతా సముద్రం అడుగున ఇసక తవ్వి ఒకచోట దిబ్బ పోస్తుంది, ఇంకోచోట గాడి చేస్తుంది. ఒడ్డుకెక్కిన నీళ్ళన్నీ ఆ గాడిలోంచే వెనక్కి పోతాయి, మనిషి దొరికితే మనిషిని కూడా తీసుకుని. దళం వాళ్ళు దాన్ని లాగుడు అంటారు. నీళ్ళలో నిలబడ్డవాడికి అది కనిపించదు. అందుకని ఒకరు లోపలికి ఈది రంగు పొడి జల్లాలి. ఇనప స్తంభాల మీదున్న మైకు గదిలోంచి అక్క ఆ రంగు ఎటు పోతోందో చెప్పాలి. తక్కినవాళ్ళు ఆ దారికి రెండు వైపులా ఎర్ర జెండాలు పాతాలి.

మరక ఒక్కసారిగా పొడుగైంది. ఒక కొన సన్నబడి, సముద్రం వైపు తిరిగి, ఎవరో దారం లాగినట్టు వెళ్ళిపోవడం మొదలుపెట్టింది. ఆ దారికి అటూ ఇటూ అలలు విరిగి తెల్లగా నురగ కక్కుతున్నాయి. దారి మీద మాత్రం ఒక్క అల కూడా లేదు. ఇస్త్రీ చేసిన గుడ్డలా నున్నగా ఉంది.

"బండల వైపుకి జరగండి. ఇంకొంచెం. ఆ, అక్కడ."

జెండాలు పాతుతుండగానే ఒక కుటుంబం వచ్చి సరిగ్గా ఆ నున్నటి నీళ్ళ ఎదుటే చాప పరుచుకుంది. ఎప్పుడూ ఇంతే. అలలు విరిగే చోట జనం భయపడతారు, అల లేని చోట నవ్వుతూ దిగుతారు. "దయచేసి జెండాల మధ్య కూర్చోకండి. అక్కడ నీళ్ళు ప్రమాదం," అంది అక్క. వాళ్ళు తలెత్తి, రేడియోలో మంచి పాట విన్నట్టు విని, గిన్నెల మూతలు తీసుకున్నారు. చివరికి పీత వెళ్ళి చాప కొస పట్టుకుని లాగాల్సి వచ్చింది.

అక్క కళ్ళు మాత్రం చాప మీద లేవు. ఆకుపచ్చ నీళ్ళ అవతలి కొసన నల్లగా ఒక తల కనిపిస్తోంది. ఈ వేళ రంగు జల్లింది చెల్లెలు. దళంలో చేరడానికి ఎల్లుండి పరీక్ష. ఆ లోపల అలవాటు అవుతుందని పీత తీసుకెళ్ళాడు. ఆ తల మునిగినప్పుడల్లా అక్క కాలివేళ్ళు చెప్పుల్లో ముడుచుకుంటున్నాయి. భయం ఆమెకి అక్కడే మొదలవుతుంది, అరికాళ్ళలో. పిక్కల్లోంచి కడుపులోకి ఎక్కుతుంది. గొంతు దాకా వచ్చేసరికి మెత్తబడిపోతుంది. భయం వేస్తే అందరికీ గొంతు పెరుగుతుంది, అక్కకి తగ్గుతుంది. ఎంత భయం వేస్తే అంత మృదువుగా మాట్లాడుతుంది. ఈ గొంతు వింటే ఎవరూ కంగారు పడరనే ఆమెకి ఈ ఉద్యోగం ఇచ్చారు.

తల మళ్ళీ మునిగింది. తేలింది. పక్కకి తిరిగి, అలల్లో దొర్లి, నవ్వుతూ ఒడ్డుకొచ్చింది.

కెప్టెన్ టీ గ్లాసుతో మెట్లెక్కి వచ్చి కిటికీ పక్కన నిలబడ్డాడు. ఆయన దళానికి పెద్ద. ఎవరినీ తొందరగా మెచ్చుకోడు.

"మీ చెల్లెలు బాగా చేస్తోందమ్మా. ఇంట్లో మీకేం అభ్యంతరం లేదుగా?"

ఏమీ లేదని చెప్పాలనే అక్క నోరు తెరిచింది.

"అభ్యంతరం ఏముంటుంది సార్, సంతోషమే. చిన్నప్పుడు ఎడమ చెవికి చీము పట్టింది, అంతే. నీళ్ళు పోతే కాస్త వినపడదు. అదేం పెద్ద విషయం కాదులెండి."

కెప్టెన్ చేతిలో గ్లాసు ఆగింది. "లోపలున్నప్పుడు వినపడకపోతే పెద్ద విషయమేనమ్మా. ఈల వేస్తే వినాలి, మీ మైకు వినాలి."

"అవునా సార్?" అంది అక్క. "నాకు తోచనే లేదు."

ఆయన గ్లాసు కిటికీ గూట్లో పెట్టి ఆలోచిస్తూ దిగిపోయాడు. అక్క ఆ గ్లాసు వైపు చూస్తూ ఉండిపోయింది. అడుగున మిగిలిన టీ చుక్క వణుకుతోంది. గది వణుకుతోందా, తను ఆనుకున్న బల్ల వణుకుతోందా? అబద్ధం ఆడిన బరువేమీ తగల్లేదు. తలుపు తీసి ఉంటే గాలికి దానంతట అదే మూసుకున్నట్టు జరిగిపోయింది. చీము పట్టిన మాట నిజం. పట్టింది తన చెవికి.

*

ఇల్లు ఇరుకు సందులో, మూసేసిన కొట్టు మీద మేడ. భర్త గది మధ్యలో ఓ పాత ఆంప్లిఫయరు పొట్ట విప్పి, వైర్లన్నీ నేల మీద పరిచి కూర్చున్నాడు. తీరం పొడుగునా స్తంభాలకున్న మైకు గొట్టాలు కూడా అతను బిగించినవే. టంకం కాల్చిన వాసన అన్నంలోకి కూడా వస్తోంది.

"లాగుడంటే లాగుడు కాదు బావా," అంటోంది చెల్లెలు, నోటినిండా ముద్దతో. "మొదట కాళ్ళు ఎవరో పట్టుకున్నట్టుంటుంది. తర్వాత ఒళ్ళంతా తేలిపోతుంది. అస్సలు భయం వెయ్యదు. వెనక్కి తిరిగి చూస్తే ఒడ్డు బుల్లిది అయిపోయి ఉంటుంది. అప్పుడు వేస్తుంది!"

"మా పెళ్ళిలో నాకూ అలాగే అయింది," అన్నాడు బావ. "వెనక్కి తిరిగి చూసేసరికి ఒడ్డు లేదు."

చెల్లెలు పొలమారేంతగా నవ్వింది. అక్క కూడా నవ్వి, ఆమె నెత్తి మీద తట్టి, నీళ్ళ గ్లాసు దగ్గరికి జరిపింది. 'బుడుంగు' అని ఆమెకి పేరు పెట్టింది బావే. అక్కతో పాటు ఈ ఇంట్లో కాలు పెట్టిన కొత్తలో ఈ పిల్ల ఎక్కడ నీళ్ళు కనపడితే అక్కడ బుడుంగుమని మునిగేది.

భోజనాలయ్యాక అక్క తువాలు తెచ్చి చెల్లెలి తల తుడవడానికి కూర్చుంది. జుట్టులోంచి ఇసక రాలి, ఒళ్ళో ఉన్న పళ్ళెంలో టపటపా పడుతోంది. కుడి చెవి తుడిచింది. తువాలు కొస మెలితిప్పి ఎడమ చెవిలో పెట్టి నెమ్మదిగా తిప్పింది. ఇంకాస్త తిప్పింది. ఆ చిన్న రంధ్రం శుభ్రంగా, ఆరోగ్యంగా, గులాబీ రంగులో ఉంది.

"చాలక్కా, మెదడు తుడుస్తావా?"

"మీ అక్కది వింత," అన్నాడు భర్త, వైరు పళ్ళతో ఒలుస్తూ. "పొద్దంతా ఊరందరికీ మైకులో చెప్తుంది. ఇంట్లో ఇన్నేళ్ళలో గొంతెత్తిందే లేదు. ఎప్పుడైనా ఓసారి నన్ను తిట్టవే, విని తరిస్తాను."

"మిమ్మల్ని తిట్టి బాగుచెయ్యడం నా వల్ల కాదులెండి," అంది అక్క మెల్లగా.

*

మర్నాడు ఆమెకి మాటలేవీ వినపడలేదు. కిటికీ అద్దంలోంచి బొమ్మలు మాత్రం కనిపించాయి.

జెండాల దగ్గర కెప్టెన్ నిలబడి ఉన్నాడు. ఎదురుగా తడిబట్టలతో చెల్లెలు. ఆయన ఏదో అన్నాడు. చెల్లెలు తల వంచి వింది. ఆయన చూపుడు వేలుతో తన ఎడమ చెవిని తాకాడు. చెల్లెలు కూడా, అద్దంలో చూసుకున్నట్టు, తన చెవిని తాకి అడ్డంగా తలూపింది. మళ్ళీ ఊపింది. చేతులు తిప్పుతూ ఏదో చెప్పింది. ఆయన ఓపిగ్గా విన్నాడు. ఆమె భుజం తట్టాడు. భుజం తట్టి పంపేయడం అంటే ఏమిటో అక్కకి తెలుసు, పరీక్ష తప్పినవాళ్ళ భుజాలే ఆయన తడతాడు. కొంచెం దూరంలో పీత ఇసకలో కూర్చుని, తాడు చిక్కు తీస్తున్నవాడల్లా, తీయడం ఆపేసి చూస్తున్నాడు.

అక్కకి గుండెల మీద నుంచి బండ దిగినట్టయింది. వెంటనే, ఆ బండ ఎవరి మీద దిగిందో కూడా కనిపించింది. రెండూ ఒకేసారి. ఆమె కిటికీ దగ్గర నుంచి లేచి, చేసే పనేమీ లేక, మైకు మీద కప్పే గుడ్డని మడత విప్పి మళ్ళీ మడతపెట్టింది.

చెల్లెలు మెట్లెక్కి వచ్చింది. జుట్టులోంచి నీళ్ళు గది నేల మీద పడుతున్నాయి.

"చెవి బాలేదట."

"ఎవరు చెప్పారు?"

"చెప్పరట. ఆస్పత్రి నుంచి కాగితం తెచ్చుకుని వచ్చే ఏడాది రమ్మన్నారు. నా చెవికేమైందక్కా?"

నిజంగా అడుగుతోంది. తన చెవి గురించి తనకంటే అక్కకే ఎక్కువ తెలుసని నమ్మి అడుగుతోంది. అక్క తువాలు తీసి ఆమె మీద కప్పింది. "పోనీలేమ్మా. ఏడాది ఎంతలో తిరుగుతుంది. ఏదైనా మన మంచికే." ఆ గొంతు ఎంత చల్లగా వచ్చిందంటే, చెల్లెలు భుజాలు దించేసి ఆమె ఒళ్ళోకి వాలిపోయింది.

ఆ సాయంత్రం చెల్లెలు గోడ వైపు తిరిగి పడుకుంది. చీకటి పడకముందే. అన్నానికి లేవలేదు. అక్క వెళ్ళి పక్కన కూర్చుంది.

"నువ్వు ఒక్కసారైనా నన్ను వద్దంటే బాగుండేదక్కా," అంది చెల్లెలు గోడతో.

"నేనెప్పుడు వద్దన్నాను?"

"అదే అంటున్నా. అచ్చు పని నేర్చుకోవడానికి వేరే ఊరు వెళ్తానన్నప్పుడు వద్దన్నావా? లేదు. 'నీ ఇష్టం తల్లీ' అన్నావు. పడవల మీద వంటకి పిలిచినప్పుడూ అదే. వద్దంటే దెబ్బలాడేదాన్ని. నా స్నేహితురాలి అమ్మ చీపురు తిరగేస్తుంది, ఇద్దరూ అరుచుకుంటారు, అది తలుపు ధనాల్న వేసి వెళ్ళిపోతుంది. హాయి. నీ దగ్గర అరవడానికి ఏమీ ఉండదు. వెళ్దామనే బయల్దేరతాను. కాసేపాగి చూసుకుంటే మళ్ళీ ఈ చాప మీదే ఉంటాను. ఎలా వచ్చానో తెలీదు."

అక్క చెల్లెలి వీపు మీద చెయ్యి వేసి రాస్తూ ఉంది. ఆ వీపు మొదట బిగుసుకుంది. మెల్లగా వదులైంది. వదులవుతున్న కొద్దీ అక్క అరచేతికి భయం వేసింది. చెయ్యి తీసేయాలనుకుంది, తీయలేకపోయింది.

వంటగదిలోకి వచ్చేసరికి భర్త టంకం కడ్డీ చల్లారబెడుతున్నాడు. ఆమె వైపు చూడలేదు.

"దానికెప్పుడు చీము పట్టింది?"

అక్క గిన్నెలు సర్దుతోంది.

"చెవి నొప్పని గుక్కపెట్టి ఏడ్చేదాన్నని నువ్వు చెప్పావు. నీ సంగతే కదా అది."

"రేపు కూరలేమీ లేవు," అంది అక్క.

"నేనేం అనట్లేదు," అన్నాడు భర్త. కడ్డీని నీళ్ళలో ముంచాడు. అది చుయ్యిమంది. "అనడానికి నేనెవర్ని. ఒడ్డున కూర్చున్నవాణ్ణి."

*

పరీక్ష రోజున దళమంతా సముద్రంలోకి కట్టిన రాతి గోడకి అవతల, పడవలు ఆగే చోటికి వెళ్ళిపోయింది. ఎర్ర ట్యూబులన్నీ అక్కడికే పట్టుకెళ్ళారు. మనిషి పట్టుకుని తేలడానికి ఉండేవి అవి. పీత ఒక్కడూ తన ట్యూబుతో ఈ వైపు మిగిలాడు. పొద్దున్నే ఎవరూ నీళ్ళలో దిగలేదు. నిన్నటి జెండాలు నిన్నటి చోటే ఉన్నాయి. ఇవాళ రంగు వెయ్యలేదు.

ఆ సంగతి అక్కకి గదిలోకి రాగానే తెలుసు. చెప్పాలనుకుంది. కానీ కెప్టెన్ని పిలిస్తే కెప్టెన్ మొహం చూడాలి.

చెల్లెలు ఇంట్లో ఉండనంటే ఉండనని వచ్చి మైకు గది కింద స్తంభాల నీడలో కూర్చుంది. చెప్పు అంచున ఊడిన రబ్బరు పీకుతోంది. పై నుంచి చూస్తే ఆమె పాపిడి, కదులుతున్న వేళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. ఇంత దగ్గరగా, ఇంత భద్రంగా ఉంది. అయినా అక్క కాలివేళ్ళు ముడుచుకునే ఉన్నాయి.

ఎండ ముదిరేసరికి నీళ్ళు వెనక్కి తగ్గాయి. బండల దగ్గర ఒకావిడ కాలికి పెంకు గుచ్చుకుంటే పీత అటు వెళ్ళి కట్టు కడుతున్నాడు. అప్పుడు చూసింది అక్క. జెండాల మధ్య అలలు విరుగుతున్నాయి. తెల్లగా, మామూలుగా. జెండాలకి ఇవతల, గది ఎదురుగా, ఎక్కడా జెండా లేని చోట, నీళ్ళు నున్నగా ఉన్నాయి.

ఒకాయన గడ్డి టోపీ పెట్టుకుని అందులోకి దిగుతున్నాడు. జెండాలకి దూరంగానే దిగుతున్నాడు, చెప్పినట్టే. ఒడ్డునున్న భార్య వైపు తిరిగి చెయ్యి ఊపాడు. ఊపిన చెయ్యి దించేలోపల ఆయన కాళ్ళు నేలని వదిలేశాయి.

"టోపీ పెట్టుకున్న ఆయనా," అంది అక్క. గొంతు మంచులా మెత్తగా వచ్చింది. "కంగారు పడకండి. ఒడ్డు వైపు ఈదకండి. పక్కకి ఈదండి. గోడ వైపు."

ఆయన ఒడ్డు వైపే ఈదుతున్నాడు. టోపీ తేలిపోతోంది. కింద ఇసకలో ఒక చెప్పు మాత్రం ఉంది, రబ్బరు సగం ఊడినది. చెల్లెలు అప్పటికే నీళ్ళలో పరిగెడుతోంది.

ట్యూబు లేదు. చేతులు మాత్రమే. ఆమె పీత నేర్పినట్టే లాగుడులోకే దూకింది, దాని మీదే వెళ్ళింది, అందుకే అంత త్వరగా ఆయన్ని అందుకుంది. ఆయన మెడ పట్టుకోబోతే మునిగి, వెనక నుంచి తేలి, చంకల కింద చేతులు వేసి గోడ వైపు నెట్టుకుంటూ పోయింది. నెట్టింది. మళ్ళీ నెట్టింది. ఓ అల వచ్చి ఆయన్ని ఎత్తుకుంది. ఆయన నురగలో దొర్లి, మోకాళ్ళ మీద లేచి దగ్గుతున్నాడు.

ఆయన్ని నెట్టిన ఊపుకి ఆమె మళ్ళీ నున్నటి దారిలోకి వచ్చిపడింది.

నల్లటి తల చిన్నదవుతోంది. ఆమెకి ఏం చెయ్యాలో తెలుసు. నిన్న మొన్నటి దాకా అదే చేసింది. అక్కకీ తెలుసు. రోజూ చెప్పే మాటే. కానీ స్విచ్చి నొక్కిన వేలు నొక్కినట్టే ఉంది. కడుపులోంచి వచ్చిన భయం గొంతు దగ్గర మెత్తబడలేదు.

"బుడుంగూ! వచ్చెయ్! ఇటు వచ్చెయ్! నా దగ్గరికి వచ్చెయ్!"

తీరం పొడుగునా స్తంభాల మీది గొట్టాలన్నీ ఆ మాటే అరిచాయి. ఎవరిదో గొంతు. తల ఇటు తిరిగింది. చెల్లెలు మైకు గది వైపు చూసింది. ఈదడం మొదలుపెట్టింది, తిన్నగా, గది వైపే.

చేతులు లేస్తున్నాయి, పడుతున్నాయి. తల ఉన్నచోటే ఉంది.

"రా తల్లీ, రా! అంతే! వచ్చెయ్!"

పిలిచినకొద్దీ ఆ చేతులు గబగబా పడుతున్నాయి. పడినకొద్దీ నీళ్ళ మీదికి తక్కువగా లేస్తున్నాయి. మొహం ఒక్కోసారి కనిపిస్తోంది, ఒక్కోసారి లేదు. ఆ మొహంలో భయం లేదు. పిలిచారు, వస్తున్నాను, అన్నట్టుంది. బడి వదలగానే పరిగెత్తుకొచ్చిన మొహం అదే.

బండల వైపు నుంచి పీత పరిగెత్తుకొస్తున్నాడు. చాలా దూరంలో ఉన్నాడు. పరిగెడుతూ మైకు గది వైపే చేతులు పైకెత్తి ఏదో అరుస్తున్నాడు. అక్కకి వినపడలేదు. అతను ఆగిపోయాడు. అంత హడావిడిలో, ఇసక మీద నిలబడిపోయి, రెండు చేతులూ డెక్కల్లా ఆడించి, అడ్డంగా నడిచి చూపించాడు. రోజూ చూసి నవ్వుకునే ఆట. ఇప్పుడు ఏడుపు మొహంతో ఆడుతున్నాడు.

అక్క కళ్ళు అతని మీద నుంచి నీళ్ళ మీదికి తిరిగాయి. రంగు వెయ్యకపోయినా కనిపించింది. నున్నటి దారి చెల్లెలి దగ్గర నుంచి తిన్నగా ఇటు వస్తోంది. దాని మొదలు ఇక్కడే ఉంది, ఈ ఇనప స్తంభాల కింద.

వేలు స్విచ్చి మీదే ఉంది. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. ఆ మాట ఆమె ఎప్పుడూ ఎవరితోనూ అనలేదు.

"నా వైపు రాకు."

గోడకి తగిలి మాట వెనక్కొచ్చింది. రాకు.

చేతులు ఆగాయి.

"నన్ను చూడకు. గోడ వైపు పో. పక్కకి. బుడుంగూ, పో!"

చెల్లెలు ఈదడం మానేసింది. వెల్లకిలా తిరిగి, మొహం ఆకాశానికి పెట్టి తేలింది. లాగుడు ఆమెని తీసుకుపోతోంది. ఇంకా దూరం. ఇంకా. అక్క పళ్ళు మైకు జల్లెడకి తగులుతున్నాయి. పిలవాలని ఒళ్ళంతా కొట్టుకుంటోంది. ఒక్కసారి పిలిస్తే చాలు, ఆ తల మళ్ళీ ఇటు తిరుగుతుంది. అది ఖాయమని తెలియడమే అన్నిటికంటే భయంగా ఉంది.

అప్పుడు ఒక చెయ్యి లేచింది. గోడ వైపు పడింది. మెల్లగా ఇంకోటి.

"పో," అంది అక్క. ఏడుస్తోంది, మైకులో అందరికీ వినపడేలా. "ఆగకు. ఇంకా పో. ఇంకా పో."

*

గోడ దగ్గర ఇసకలో చెల్లెలు మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చుంది. పీత తన చొక్కా విప్పి ఆమె వీపు మీద కప్పాడు. దళం వాళ్ళంతా గోడ దూకి వచ్చి చుట్టూ నిలబడ్డారు. టోపీ ఆయన భార్య చెల్లెలి చేతులు పట్టుకుని ఏదేదో అంటోంది. ఆయన మాత్రం "నా టోపీ ఎటు పోయిందో ఎవరైనా చూశారా?" అని ప్రతివాణ్ణీ అడుగుతున్నాడు. ఎవరికీ నవ్వు రాలేదు. ఆయనా నవ్వించడానికి అడగలేదు, పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే మాట్లాడకుండా ఉండలేక అడుగుతున్నాడు.

అక్క పరిగెత్తుకొచ్చి కొద్ది దూరంలో ఆగిపోయింది.

కెప్టెన్ చెల్లెలి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"అంత లోపలికి మైకు వినపడిందా నీకు?"

"వినపడింది సార్."

"రెండు చెవులకీనా?"

"నా చెవి బాగానే ఉందని నిన్ననే చెప్పాను సార్. ఎవరో ఏదో అంటే నమ్మారు."

కెప్టెన్ తలెత్తి అక్క వైపు చూశాడు. కోపంగా కూడా కాదు. ఆయన చూపు ఎటు పోయిందో చెల్లెలి చూపూ అటే వచ్చింది.

దబాయించవచ్చు. నాకు అలా అనిపించింది సార్, అనవచ్చు. ఆ మెత్తటి మాటలన్నీ నాలుక చివరే ఉన్నాయి.

"చీము పట్టింది నాకు సార్," అంది అక్క. గొంతు బొంగురుపోయి ఉంది. "దానికి కాదు. నాకు భయమేసి చెప్పాను."

చెల్లెలు లేచి నిలబడింది. తల ఎడమ పక్కకి వంచి, అరచేత్తో తట్టుకుంటూ, ఒంటికాలి మీద గెంతింది. చెవిలోంచి నీళ్ళు జారాయి. కుడి పక్కకి వంచి మళ్ళీ గెంతింది.

"మొదట రమ్మన్నావు," అంది. "విన్నాను. తర్వాత పొమ్మన్నావు. అదీ విన్నాను."

పీత చొక్కా భుజాల మీద సర్దుకుని, దళం వాళ్ళతో కలిసి గోడ అవతలికి నడిచింది.

*

ఆ రాత్రి ఆమె ఇంటికి రాలేదు. కొత్తగా చేరేవాళ్ళకి గోడ అవతల ఇచ్చే గదిలో ఉంటానని బావతో కబురు చేసింది. బావ ఆమె దుప్పటీ, దువ్వెన, బట్టలు మూటకట్టి తీసుకెళ్ళి ఇచ్చాడు. తిరిగొచ్చి, "బాగానే ఉంది. తిన్నది," అని చెప్పి, ఆగి, "నీ గొంతుకి గొట్టాల్లో రెండు పగిలాయి. మార్చాలి," అన్నాడు. అక్క చెల్లెలి చాప చుట్టి గోడకి నిలబెట్టింది. అది జారి మళ్ళీ పరుచుకుంది. అలాగే వదిలేసింది.

తెల్లారాక మైకు గది కిటికీ తెరిచేసరికి పీత, మరో ఇద్దరూ జెండాలు భుజాన వేసుకుని నిలబడి ఉన్నారు. చెల్లెలు నడుం లోతు నీళ్ళలో ఉంది. చేతిలో రంగు సంచి. మైకు గది వైపు చూడలేదు. మునిగింది. అక్క కాలివేళ్ళు ముడుచుకున్నాయి. తేలింది, దూరంగా. చెయ్యి తిప్పి పొడి జల్లింది.

ఆకుపచ్చ మరక కాసేపు నిలబడి, పొడుగై, సముద్రం వైపు సాగింది. నల్లటి తల దాని పక్కనే ఉంది. ఇంత దూరం నుంచి చూస్తే దాన్ని తాకుతున్నట్టే ఉంది.

"ఎటు?" అని నీళ్ళలోంచి చెల్లెలు అరిచింది. అక్కా అని అనలేదు.

అక్క స్విచ్చి నొక్కింది. నిన్న అరిచి అరిచి గొంతు ఇంకా బొంగురుగానే ఉంది, పైగా వణుకుతోంది. దాన్ని మెత్తబరచాలని చూసింది. రాలేదు.

"మైకు గదికి ఎదురుగా," అంది. "తిన్నగా నా ముందే. అక్కడ ఉండకు. గోడ వైపు జరుగు. ఎవరూ ఇటు దిగకండి. ఇక్కడ నీళ్ళు మనుషుల్ని తీసుకుపోతాయి."

గది ముందు, నున్నటి నీళ్ళ ఎదుట, ఒక కుటుంబం అప్పుడే చాప పరుచుకుంటోంది. ఆ తల్లి తలెత్తి మైకు గొట్టం వైపు చూసింది. ఎవరు అంత భయపడుతున్నారా అన్నట్టు కిటికీ వైపు చూసింది. తర్వాత ఇంకేమీ అడక్కుండా పిల్లల రెక్కలు పట్టుకుని వెనక్కి లాగి, చాప దులిపి, మడత పెట్టింది.